గ్రౌట్‌విల్ పెద్ద ఆల్బర్ట్ లుథూలి

దక్షిణాఫ్రికాలోని నేటాలు తీరమున, డర్బను నగరమునకు ఉత్తరముగా, ఉమ్వోటి నది ఒడ్డున గ్రౌట్‌విల్ అను గ్రామము కలదు. చుట్టును చెరకుతోటలు. నేటాలు తోటలలో పనిచేయుటకై 1860 మొదలు 1911 వరకు మన దేశమునుండి 1,52,000 మందికి పైగా కూలీలు ఒప్పందములపై వ్రేలిముద్రలు వేసి ఓడలెక్కిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారును ఉండిరి. వారి సంతతి 1931లో అచ్చట ఒక ఆంధ్ర మహాసభను కూడ స్థాపించుకొనిరి. కాని ఈ వ్యాసము వారిని గూర్చినది కాదు. ఆ తోటల ప్రక్కనే, ఆ నేలకు మొదటి హక్కుదారులైన జూలూ ప్రజలలో పెరిగి, పదునేడేండ్లు గ్రామపెద్దగా పనిచేసి, పదవియో ప్రజాసంస్థయో ఒకటి తేల్చుకొమ్మని ప్రభుత్వమువారు గడువు పెట్టినప్పుడు రెంటిని విడుచుటకును నిరాకరించి పదవిని పోగొట్టుకొనిన ఆల్బర్ట్ లుథూలిని గూర్చినది.

లుథూలి పుట్టినది గ్రౌట్‌విల్‌లో కాదు. నేటి జింబాబ్వే దేశములోని బులవాయో సమీపమున గల సొలూసి మిషనులో. తండ్రి జాన్ బన్యన్ లుథూలి క్రైస్తవ బోధకులకు దుబాసిగా అచ్చటికి పోయియుండెను. బిడ్డ పుట్టిన సంవత్సరమును వ్రాసి ఉంచినవారు లేరు. అది 1898 అయియుండునని ఆయనయే తరువాత లెక్క కట్టుకొనెను. పసితనమునందే తండ్రి గతించెను. 1908 ప్రాంతమున తల్లి మ్టోన్యా బిడ్డతో నేటాలునకు తిరిగివచ్చెను. బాలుని గ్రౌట్‌విల్‌లో తండ్రి సోదరుడైన మార్టిన్ లుథూలి ఇంట నుంచిరి. మార్టిన్ అప్పటి గ్రామపెద్ద. ఊరి తగవులు ఆయన ముంగిట తీరుచుండగా బాలుడు చూచుచు పెరిగెను. తల్లి ఇతరుల బట్టలుతికి, కూరగాయలు పండించి అమ్మి, కొడుకు బడిజీతము కట్టెను.

చదువు కొంతకాలము ఓహ్లాంగే విద్యాలయమున సాగెను. దాని స్థాపకుడు జాన్ డూబె, 1912లో పుట్టి పిమ్మట ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు అని పేరు మార్చుకొనిన సంస్థకు మొదటి అధ్యక్షుడు. గాంధీజీ నెలకొల్పిన ఫీనిక్సు ఆశ్రమము ఆ బడికి దాపుననే యుండెను. అటుపిమ్మట ఎడెండేలులో ఉపాధ్యాయ శిక్షణ. ఒక పల్లెబడిలో ఏకోపాధ్యాయత్వము. 1920లో ఆడమ్స్ కళాశాలలో పైశిక్షణ. శిక్షణ ముగియగానే ఆ కళాశాలవారే ఆయనను ఉపాధ్యాయునిగా తీసికొనిరి. ఫోర్ట్ హేర్ విశ్వవిద్యా కళాశాలలో చదువుటకు విద్యార్థివేతనము లభించినను ఆయన వలదనెను. తల్లి ఇంకను రెక్కల కష్టము మీద బ్రతుకుచుండగా తాను విద్యార్థిగా ఉండుట ఆయనకు ఇష్టము కాలేదు. సంపాదించి ఆమెకు విశ్రాంతి కల్పింపదలచెను. పట్టము లేని ఈ మనిషిని తరువాతి కాలమున గ్లాస్గో విశ్వవిద్యాలయపు విద్యార్థులు తమ రెక్టరుగా ఎన్నుకొనిరి.

ఆడమ్స్‌లో గడచిన పదునైదేండ్లు ఆయన జీవితములో మిక్కిలి ప్రశాంతమైనవి. జూలూ భాషను, సంగీతమును బోధించెను. గాయక బృందమును నడపెను. ఫుట్‌బాల్ ఆటపై మక్కువ మెండు, డర్బను ప్రాంతపు ఆఫ్రికను ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి పదవి కూడ వహించెను. ఉపాధ్యాయ సంఘమునకు మొదట కార్యదర్శి, పిదప అధ్యక్షుడు. ఆ సంఘమునకు అనుబంధముగా జూలూ భాషా సాంస్కృతిక సమాజము ఏర్పడుటలో ఆయన పాత్ర ముఖ్యమైనది. పరభాషా ప్రభుత్వముల క్రింద స్వభాషను నిలుపుకొనుటకు సమాజములు పెట్టుకొనుట మనకు మాత్రమే పట్టిన పిచ్చి కాదన్నమాట. 1927లో తోటి ఉపాధ్యాయిని నొకుఖాన్యా భెంగును వివాహమాడెను. వారికి ఏడుగురు సంతానము. ఆమె ఉద్యోగము మాని గ్రౌట్‌విల్‌లో సేద్యము చేపట్టెను. తరువాతి ముప్పది ఏండ్లలో ఆ కుటుంబము అన్నమునకు లోపము లేక బ్రతికినదన్నచో అది ఆమె పొలము చలువ.

గ్రౌట్‌విల్‌లో పెద్దరికము వంశపారంపర్యము కాదు. ప్రజలు ఎన్నుకొందురు, ప్రభుత్వము ఆమోదించును. 1933లో ఊరివారు వచ్చి పెద్దవు కమ్మని అడిగిరి. రెండేండ్లు ఆయన తేల్చలేదు. జీతము చాల తగ్గును. కళాశాలలోని మిత్రబృందము దూరమగును. పెద్దపదవి ప్రభుత్వమునకును ప్రజలకును నడుమ నలిగెడి పదవి. తుదకు ఒప్పుకొని 1936 ఆరంభమున ఆ పని చేపట్టెను. మన పూర్వపు గ్రామ మునసబు, రచ్చబండ మీది పెద్దమనిషి, సహకార సంఘాధ్యక్షుడు, ఈ మువ్వురి పనులను ఒక్కరిపై వేసినచో ఎట్లుండునో అట్టిది ఆ పదవి. సుమారు 5,000 మంది జనము. గట్టు తగవులు, అప్పు తగవులు, మొగుడు పెండ్లాల తగవులు రోజంతయు విన్నను తరుగవు. ఆయన విసుగులేక వినెడివాడు. జరిమానాల మీద సంపాదించుట పెద్దలకు కొత్త కాదు. ఆయన ఆ దారి త్రొక్కలేదు. ఊరి సభలకు స్త్రీలను కూడ రానిచ్చెను.

ఈ కాలమున ఆయన చేసిన పనులలో చెరకు సంగతి కొంత వివరముగా చెప్పదగినది. 1936 నాటి చక్కెర చట్టము, ధర పడిపోకుండుటకై ఉత్పత్తిని కట్టడి చేసి, మిల్లునకు ఎవరెంత చెరకు తోలవచ్చునో కోటా విధించెను. వేల ఎకరముల తెల్లవారి తోటలకు ఇది పెద్ద చిక్కు కాదు. కొద్దిపాటి చేను గల ఆఫ్రికను రైతునకో, కోటా మించిన చెరకు చేనిలో ఎండిపోవలసినదే. ఒక రైతు వానలు లేక తన వంతు నింపలేకపోవును. ప్రక్క రైతు మిగులు చెరకును అమ్ముకొనలేకపోవును. నడుమ మిల్లునకు చేరవలసిన సరకు చేరదు. లుథూలి మూలబడియున్న చెరకు రైతుల సంఘమును మరల లేవనెత్తి, చిన్నరైతులందరికిని కలిపి ఒకే కోటా ఇయ్యవలెననియు, ఒకని లోటును మరియొకడు పూడ్చవచ్చుననియు అధికారులతో వాదించి, చట్టమును ఆ మేరకు సవరింపజేసెను. పిదప నేటాలు, జూలూలాండు ప్రాంతముల ఆఫ్రికను చెరకు రైతులకందరికిని ఒక సంఘము ఏర్పడెను. ఉద్రేకోపన్యాసములు లేవు, ఊరేగింపులు లేవు. అంకెలు పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరిగి సాధించిన పని ఇది.

అయినను అంకెలే మరియొక సత్యమును కూడ ఆయనకు చూపినవి. 1913 నాటి భూమి చట్టము దేశపు నేలలో నూటికి ఏడు వంతులను మాత్రము ఆఫ్రికనులకు వదలెను. 1936లో దానిని నూటికి పదుమూడు వంతుల వరకు పెంచుదుమనిరి. జనాభాలో మూడింట రెండు వంతులు ఆఫ్రికనులు. ఆ యేడే కేప్ రాష్ట్రపు ఆఫ్రికనులకున్న పాటి వోటును కూడ సాధారణ జాబితానుండి తొలగించిరి. ఊరిలోని తగవులలో పెక్కింటికి మూలము మనుషుల దుర్గుణము కాదనియు, చాలని నేల యనియు పెద్దపీట మీద కూర్చుండిన మనిషికి తెలియకుండుట ఎట్లు?

1938 డిసెంబరులో లుథూలి మన దేశమునకు వచ్చెను. చెన్నపట్టణము చేరువనున్న తాంబరములో క్రైస్తవ కళాశాల ఆవరణమున జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు దక్షిణాఫ్రికా ప్రతినిధులలో ఆయన ఒకడు. అప్పుడు ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున రాజాజీ మంత్రివర్గము పాలించుచుండెను; బ్రిటిషు అధికారమింకను పోకున్నను, ఎన్నికలలో గెలిచిన భారతీయులు మంత్రులై యుండిరి. సొంత దేశమున ఒక జిల్లా అధికారి ఎదుట చేతులు కట్టుకొని నిలువవలసిన గ్రామపెద్ద, నానాదేశముల వారితో సమముగా ఒకే బల్లవద్ద కూర్చుండుట అదియే మొదలు. 1948లో అమెరికాకు పోయి నెలల తరబడి ఉపన్యాసములిచ్చెను. ఈ రెండు ప్రయాణములు తన చూపును విశాలము చేసినవని ఆయన భావించెను.

ఆయన కాంగ్రెసులో చేరినది 1940 దశకము నడుమ. అప్పటికి నలుబది ఏండ్లు దాటినవి. 1946లో డూబె మరణముచే ఖాళీయైన స్థానమునకు ఎన్నికై ఆఫ్రికనుల ప్రతినిధి సభలో ప్రవేశించెను. అది సలహాలిచ్చెడి సభయే కాని, ఆ సలహాలను వినవలెనను నియమము ప్రభుత్వమునకు లేదు. ఆయన కూర్చుండిన మొదటి సమావేశ సమయముననే జొహానెస్‌బర్గు గనుల కార్మికులు సమ్మె చేయగా పోలీసులు కాల్చిరి. సభ్యులు నిరసనగా సభను వాయిదా వేసికొనిరి. 1948లో మలాన్ నాయకత్వమున నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చి, అంతవరకు అలవాటుగా నడచిన వర్ణవిచక్షణను అపార్థైడ్ అను పేర శాసనబద్ధము చేయ నారంభించెను.

భారతీయుల సంగతి ఇచ్చట చెప్పక తప్పదు. 1947లో ఆఫ్రికను కాంగ్రెసు పక్షమున డాక్టరు జూమా, భారతీయ కాంగ్రెసుల పక్షమున డాక్టరు నాయికరు, డాక్టరు దాదూ కలిసి పనిచేయుదుమని ఒప్పందము చేసికొనిరి. ముగ్గురును వైద్యులే. రెండేండ్లు తిరుగక ముందే, 1949 జనవరిలో, డర్బనులో ఆఫ్రికనులకు భారతీయులకు నడుమ కలహము చెలరేగి 142 మంది చనిపోయిరి. దానికి వెనుక తెల్లప్రభుత్వపు విభజన నీతి ఉన్నమాట నిజమే. కాని దుకాణములలో, అద్దెయిండ్లలో, బస్సులలో మనవారు ఆఫ్రికనులయెడ చూపిన చులకన కూడ లేకపోలేదు. మాటవరుసకు మనవారిని నిర్దోషులనుట వలన లాభము లేదు. ఆ రక్తపాతము జరిగిన రాష్ట్రముననే, 1951లో నేటాలు కాంగ్రెసు అధ్యక్షుడైన లుథూలి, నాయికరుతో కలిసి ఒకే వేదికపై నిలిచెను. స్వజనములో పలువురకు ఇది రుచింపలేదు. ఆయన వెనుదీయలేదు.

1952 జూన్ 26న రెండు కాంగ్రెసులును కలిసి అన్యాయ శాసనోల్లంఘనము ప్రారంభించెను. పాసులు లేక తిరుగుట, తెల్లవారికి మాత్రమని వ్రాసిన ద్వారముల గుండ పోవుట, పట్టుబడి శాంతముగా చెరసాలకు పోవుట. నెలలు గడచుసరికి 8,000 మందికి పైగా అరెస్టయిరి. అప్పుడు ప్రభుత్వము లుథూలిని ప్రిటోరియాకు పిలిపించెను. స్థానిక వ్యవహారముల శాఖ కార్యదర్శి ఎదుట ప్రశ్న స్పష్టముగా వచ్చెను: గ్రామపెద్ద ప్రభుత్వోద్యోగి, చట్టమును పాలింపజేయవలసినవాడు చట్టమును ఉల్లంఘింపుమనెడి సంస్థలో ఎట్లుండును? కాంగ్రెసు మానవలెను, లేదా పదవి మానవలెను. యోచించుటకు కొద్దిరోజులు గడువు.

ఉద్యోగధర్మము నెరిగినవారికి ఈ ప్రశ్న పూర్తిగా అధర్మమని తోపకపోవచ్చును. రాజకీయ సంస్థలకు దూరముగా నుండుట ఏ దేశమునందైనను సర్కారు కొలువునకు మొదటి నియమము. కాని ఆ నియమము వెనుక ఒక ఒడంబడిక కలదు: ఉద్యోగి నోరు కట్టుకొనును, ప్రతిగా పౌరునిగా వోటు వేయును, ప్రజలు వోటు వేసి పాలకులను మార్చుకొందురు. వోటే లేనిచోట ఆ ఒడంబడికలో రెండవ సగము లేదు. మరియు గ్రౌట్‌విల్ పెద్దను నియమించినది పరీక్షలు కావు, ప్రజలు. పెద్ద అనువాడు మొదట ప్రజల మనిషి, పిదపనే ప్రభుత్వపు మనిషి అని లుథూలి వాదము. తాను ఊరిలో ఏ పౌరునిని చట్టమును మీరుమని ఆజ్ఞాపింపలేదు. తన విధులలో లోపము ఉన్నదని ప్రభుత్వమువారును అనలేదు. ఆయన రెండింటిలో దేనిని విడువనని తెలియజేసెను. 1952 నవంబరులో ప్రభుత్వము ఆయనను తొలగించెను. జీతము పోయెను. అప్పుడాయన ప్రకటించిన పత్రములో, ముప్పది ఏండ్లు మూసిన తలుపును మర్యాదగా తట్టి తట్టి ఏమి లభించినదని అడిగి, ముందునకు వచ్చు కష్టములను క్రీస్తు మోసిన సిలువతో పోల్చుకొనెను. మరుసటి నెలలోనే కాంగ్రెసువారు ఆయనను దేశాధ్యక్షునిగా ఎన్నుకొనిరి. పదవి పోయినను జనులు చివరివరకు ఆయనను పెద్ద అనియే పిలిచిరి. ఆ బిరుదును తీసివేయుటకు గెజెట్టులో వీలు దొరకలేదు.

ఆ తరువాతి పదునైదేండ్ల జీవితము నిషేధాజ్ఞల చరిత్ర. 1953లో మొదటిది. 1954 జూలైలో, ఆఫ్రికనులను ఇండ్లనుండి వెడలగొట్టుటను నిరసించుటకై ఆయన విమానములో జొహానెస్‌బర్గు చేరగా, విమానాశ్రయముననే రెండవది చేతికిచ్చిరి: రెండేండ్లు లోవర్ టుగేలా తాలూకా దాటరాదు, సభలకు పోరాదు. ఈ ఆజ్ఞకు విచారణ లేదు, నేరారోపణ లేదు, సాక్షులు లేరు. మంత్రి సంతకము చాలును. కమ్యూనిజమును అణచుటకని చేసిన శాసనమును, ఆదివారము తప్పక చర్చికి పోవు మనిషిపై ప్రయోగించిరి. 1955లో పక్షవాతము వంటి జబ్బుచేసెను. ఆ యేడు జూన్‌లో క్లిప్‌టౌనులో స్వాతంత్ర్య పత్రమును ఆమోదించిన మహాసభకు అధ్యక్షుడే పోలేకపోయెను.

1956 డిసెంబరులో 156 మందిని రాజద్రోహ నేరము క్రింద పట్టుకొనిరి. వారిలో ఆయన ఒకడు. ఒక యేడాది విచారణ తరువాత ఆయనపై అభియోగము ఉపసంహరించిరి. మిగిలినవారును 1961లో నిర్దోషులని తేలిరి. నిషేధము లేని కొద్దికాలమున ఆయన దేశము తిరిగి మాటలాడగా తెల్లవారు సైతము వినవచ్చిరి. 1958లో ప్రిటోరియాలో ఒక సభలో దుండగులు వేదికనెక్కి ఆయనను కొట్టిరి. కొట్టినవారిని బయటకు పంపినపిదప ఆయన లేచి తన ఉపన్యాసమును పూర్తిచేసెను. 1959లో మరల నిషేధము, ఈసారి అయిదేండ్లకు.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాసుల శాసనమును నిరసించుచున్న జనముపై పోలీసులు కాల్చగా 69 మంది మరణించిరి. రాజద్రోహపు కేసులో సాక్ష్యము చెప్పుటకై ప్రిటోరియాలో నుండిన లుథూలి తన పాసును తగులబెట్టి, 28వ తేదీని సంతాపదినముగా పాటింపుమని దేశమును కోరెను. రెండు దినములకు ఆయనను అరెస్టు చేసిరి. చెరలో ఒక జవాను, అరువది ఏండ్లు దాటిన ఈ రోగిని చెంపపై కొట్టెను. ఏప్రిల్‌లో కాంగ్రెసునే నిషేధించిరి. జరిమానా కట్టి ఆయన తిరిగి గ్రౌట్‌విల్ చేరెను.

1961 అక్టోబరులో, 1960వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము లుథూలికని ప్రకటింపబడెను. ఆఫ్రికను ఒకనికి ఆ గౌరవము దక్కుట అదియే మొదటిసారి. ప్రభుత్వము సణుగుచునే పది దినములకు అనుమతి నిచ్చెను. డిసెంబరు 10న ఓస్లోలో ఆయన జూలూ పెద్ద ధరించు చిరుతపులి చర్మపు శిరోవేష్టనముతో బహుమానము స్వీకరించెను. తీసివేసిన పదవి తాలూకు దుస్తులలో సన్మానము పొందుట చూచి ప్రిటోరియా అధికారులు ఏమనుకొనిరో! బహుమాన ధనముతో స్వాజీలాండులో పొలములు కొని, స్వదేశము విడిచివచ్చిన శరణార్థుల ఉపయోగమునకు ఉద్దేశించిరి. ఏటేట కొన్ని నెలలు నొకుఖాన్యాయే అచ్చటికి పోయి సేద్యము చేయించెడిది.

డిసెంబరు 15న ఆయన తిరిగివచ్చెను. మరునాడే, 16న, మండేలా ప్రభృతులు స్థాపించిన సాయుధ దళము ప్రభుత్వ భవనములపై బాంబులు పేల్చెను. ఈ సంగతిపై చరిత్రకారులింకను వాదించుచున్నారు. ఆ యేడు నేటాలులో జరిగిన రహస్య సమావేశములలో ఆయన అయిష్టముగానైనను ప్రత్యేక దళమునకు సమ్మతించెనని కొందరు; ఆయన మనసా వాచా ఎన్నడును అంగీకరింపలేదని కొందరు. నిశ్చయముగా తెలిసినది ఇంతియే: తాను హింసను బోధింపలేదు, 1964లో మండేలా మొదలగువారికి యావజ్జీవ శిక్ష పడినప్పుడు, ఓర్పు నశించి ఆయుధము పట్టిన ధీరులను తప్పుపట్టజాలనని ప్రకటించెను. ఈ రెండు మాటలను కలిపి చదువుట కష్టమే. ఆయన బ్రతుకే అట్టి కష్టము మీద నడచినది.

1962లో ఆయన ఆత్మకథ లండనులో వెలువడెను. స్వదేశమున ఆయన మాటలను అచ్చువేయుట నేరము. 1964లో నిషేధము మరింత ఇరుకు చేసి పొడిగించిరి. 1966 జూన్‌లో అమెరికా సెనేటరు రాబర్ట్ కెనెడీ హెలికాప్టరులో గ్రౌట్‌విల్‌కు వచ్చి కొంతసేపు మాటలాడి వెళ్లెను. చూపు, వినికిడి తగ్గినవి. తన చిన్న దుకాణమునకు, పొలమునకు ఉమ్వోటి రైలు వంతెన మీదుగా నడచిపోవుట ఆయనకు నిత్యకృత్యము.

1967 జూలై 21న ఆ వంతెనపై ఆయన తీవ్రముగా గాయపడి యుండగా స్టాంగర్ ఆసుపత్రికి చేర్చిరి, ఆనాడే మరణించెను. సరకుల రైలు తగిలెనని అధికారులు చెప్పిరి. ఆ సంవత్సరమే జరిగిన మరణ విచారణలో మేజిస్ట్రేటు ఎవరి నేరమును లేదని తేల్చెను. దినదినము ఎరిగిన వంతెన, దినదినము ఎరిగిన రైలు. కుటుంబము ఆ మాటను ఒక్కనాడును నమ్మలేదు. 1994లో ప్రభుత్వము మారెను. అయినను ఆ దస్త్రము మరి ముప్పదియొక్క ఏండ్లు అట్లే పడియుండెను. 2025లో పీటర్‌మారిట్జ్‌బర్గు హైకోర్టు విచారణను తిరిగి తెరచెను. వైద్యులు, రైలింజనుల నిపుణులు పాత నివేదికలను పరిశీలించి సాక్ష్యమిచ్చిరి. 2025 అక్టోబరు 30న న్యాయస్థానము 1967 నాటి నిర్ణయమును త్రోసివేసి, ఆయన మరణమునకు కారణము రైలు కాదనియు, తలపై కొట్టిన దెబ్బలనియు, అందు ప్రభుత్వ భద్రతా పోలీసులకు రైల్వే ఉద్యోగులతో కూడిన చేయి కలదనియు తీర్పు చెప్పెను. నొకుఖాన్యా 1996లోనే మరణించియుండెను.